భక్త నామదేవుని చరిత్రము

కృష్ణానది మన తెలంగాణమున అడుగిడు చోట, నారాయణపేట ప్రాంతమందలి తంగడి చెంత, ఉత్తరమునుండి భీమానది వచ్చి దానిలో గలియుచున్నది. ఆ భీమయే ఎగువను పండరిపురము నొద్ద నెలవంకవలె వంపు దిరుగుటచే చంద్రభాగ యని పేరొందినది. విఠలుని వాకిట పారిన నీరు పాలమూరు సీమలో బ్రవేశించి, జూరాల మీదుగ సాగి, ఆలంపురమునకు దిగువను తుంగభద్రను గలుపుకొని, సోమశిల, శ్రీశైలముల దాటి, నాగార్జునసాగరమున నిలిచి, నల్లగొండ సీమకు దక్షిణపు టెల్లయై వాడపల్లి మీదుగ పోవుచున్నది. ఆ నీటివలెనే ఎగువనుండి మనకు వచ్చిన పేరొకటి కలదు. అది నామదేవుని పేరు.

ఆయన శింపి కులమున జనించినవాడు. మహారాష్ట్రమున శింపి యనగా దర్జీ. సూదియు, కత్తెరయు, గజమును పిత్రార్జితముగా వచ్చిన యింటిలో బుట్టి, ఎనుబదియేండ్లు బ్రదికి, పండరిపురము మొదలు పంజాబు వరకు తన పేరు నిలుపుకొన్న యీ పుణ్యపురుషుని చరిత్రమును వార్షిక మహాసభ సంచికలో బ్రకటింపవలెనని పెద్దలు కోరగా, శక్తికొలది వ్రాయబూనితిమి. కులబాంధవులును, సభకు చేయూతనిచ్చిన పోషకమహాశయులును ఇందలి లోపములను మన్నింతురుగాక.

మన రెండు సీమలలో కుట్టుపనివారందఱకు నొక్కటే పేరు లేదు. మేర యనువారు కొందఱు, చిప్పోళ్లనువారు కొందఱు, మరాఠీ కన్నడ దేశముల సరిహద్దులందు శింపివారు కొందఱు. పట్టణములలో ఏ కులమువారైనను, ఏ మతమువారైనను, దుకాణము తెఱచి కత్తెర పట్టినవారెల్లరు దర్జీలే. మనలో శైవ సంప్రదాయమువారు శంకర దాసిమయ్యను గొలుతురు. ఆ శరణుని కథను పాల్కురికి సోమనాథకవి బసవపురాణమున జేర్చి తెలుగువారికి జిరపరిచితుని గావించెను. పండరి యాత్ర చేయువారు నామదేవుని దలంతురు. ఇద్దఱిలో నెవ్వరు పెద్ద యను తగవు మాకు లేదు. ఈ యేట నామదేవుని చరిత్రము నెంచుకొనుటకు కారణమొక్కటే. ఆయన తన వృత్తిని దాచుకొనలేదు. ఆ వృత్తిలో బుట్టితిని గనుక ఇంతకు మించి యెదుగరాదని యూరకుండనును లేదు. నేడు మన బిడ్డల యెదుట నున్న చిక్కు సరిగా నిదియే గనుక ఆ చరిత్రము మనకు బనికివచ్చునని తలంచుచున్నాము.

జననము

శాలివాహన శకము 1192, అనగా క్రీ.శ. 1270 సంవత్సరమున, కార్తిక శుద్ధ ఏకాదశినాడు నామదేవుడు జనించెనని వారకరీ సంప్రదాయము. తండ్రి దామాశేటి, తల్లి గోణాయి. జన్మస్థలము నర్సి గ్రామమని పలువురు చెప్పుదురు. పండరిపురమే యనువారును గలరు. నర్సి నేడు మహారాష్ట్రమున హింగోలి జిల్లాలో నున్నది. ఆ మహనీయుని పేరు చేర్చి నర్సి నామదేవ యనియే దానిని బిలుచుచున్నారు. 1956 వరకు అది హైదరాబాదు రాజ్యమున పర్భణీ జిల్లాలోనిది. నల్లగొండ, మహబూబునగరములును అప్పుడా రాజ్యములోనివే. కాబట్టి మన తాతల కాలమున ఆయన యూరును మన యూళ్లును ఒక్క కచ్చేరీకి పన్ను గట్టినవి.

ఆయన పుట్టునాటికి దేవగిరిలో యాదవులును, ఓరుగంటిలో కాకతీయ రుద్రమదేవియు రాజ్యము చేయుచుండిరి. ఆయన కన్నులయెదుటనే 1296లో అల్లాఉద్దీను దేవగిరిపై దండెత్తెను. 1323లో ఓరుగల్లు పడిపోయెను. 1347లో బహమనీ రాజ్యము వెలసెను. రాజ్యములు పుట్టి గిట్టిన ఆ యెనుబదియేండ్లలో ఒక దర్జీ పాడిన పాటలు మాత్రము నిలిచినవి.

దామాశేటి కుటుంబము విఠలభక్తుల కుటుంబము. నామదేవుని భార్య రాజాయి. నారా, విఠా, గోందా, మహాదా యను నలుగురు కుమారులు. ఆ యింటనే జనాబాయి యను పరిచారిక యుండెను. ఆమె గోదావరీతీరమందలి గంగాఖేడునుండి చిన్ననాట వచ్చినదందురు. తిరుగలి త్రిప్పుచు, నీళ్లు మోయుచు, పిడకలు చేయుచు ఆమె పాడిన అభంగములు నేటికిని మహారాష్ట్రపు స్త్రీల నోట నున్నవి. ఒక దర్జీ యింటి దాసి మహాకవయిత్రి యగుట ఆ యింటి గొప్పతనమునకు వేఱొక సాక్ష్యము.

ఆ కాలపు కుట్టుపని

నామదేవుని దినములలో సామాన్య జనులు కట్టుకొన్నది కుట్టని బట్ట. ధోవతి, ఉత్తరీయము, చీర అనునవి మగ్గమునుండి దిగినట్లే కట్టబడునవి. దర్జీ పని కుప్పసములు, రవికలు, గుడారములు, బొంతలు, రాజసేవకుల యంగీలు మొదలగువానితో గడచెడిది. సాలెవాని నేత ఎవ్వరికైన జెల్లును. దర్జీ కుట్టినది మాత్రము కొలత యిచ్చిన యొక్కనికే చెల్లును. ఇదియే మన వృత్తికి మూలము. ఎదుటివాని యొడలిని జూచి, వాని భుజము వంపును, మెడ లావును, నడక తీరును గ్రహించి, వానికొఱకే కత్తెర వేయవలెను. గూనివానికి గూని తెలియకుండ కుట్టువాడే నేర్పరి. ఎదుటివాని లోపమును కనిపెట్టి, దానిని నలుగురిలో జెప్పక, తన పనితో కప్పుటయే దర్జీ ధర్మము.

ఈ పని నేర్చుటకొక క్రమము కలదు. పిల్లవాడు మొదట దారమెక్కించును, గుండీలు కుట్టును, తురుపాయి వేయును, కాజాలు తీయును. అంగుస్తానా లేక వ్రేలు పొడిచికొన్న తరువాతగాని వానికి సూది పట్టు తెలియదు. ఏండ్లు గడచిన పిమ్మట బఖియా, ఆ పిమ్మట అస్తరు, గల్లా, చేతులు అతుకుట. కత్తెర మాత్రము ఇంటిపెద్ద చేతనే యుండును. ఏలయనగా కుట్టు తప్పిన విప్పి మరల కుట్టవచ్చును. కత్తెర తప్పిన బట్ట పాడగును, ఇల్లు అప్పుపాలగును. నామదేవుడును ఈ క్రమముననే తండ్రియొద్ద పని నేర్చియుండును. కొలుచుట, కత్తిరించుట, కుట్టుట యను తన వృత్తిపనులనే భక్తికి ఉపమానములు గావించి ఆయన పాడిన పదము సిక్కుల పవిత్రగ్రంథమున నేటికిని గలదు.

బాల్యము

బాలుని భక్తినిగూర్చి భక్తులు చెప్పు కథలు పెక్కు గలవు. తండ్రి పొరుగూరికి బోయిన నాడు తల్లి పాలగిన్నె చేతికిచ్చి విఠలునకు నైవేద్యము పెట్టి రమ్మని పంపెననియు, దేవుడు త్రాగలేదని బాలుడు తల బాదుకొనబోగా విఠలుడే పాలు త్రాగెననియు నొక కథ. ఇది యెల్లవారెఱిగినదే గనుక విస్తరింపము. మన వృత్తికి జేరువయైన కథ వేఱొకటి కలదు.

దామాశేటి యొకనాడు కొన్ని బట్టలు మూటగట్టి కుమారుని సంతకు బంపెను. నామదేవుడు సంతలో గూర్చుండి విఠలుని బాడుకొనుచు బేరము మఱచెను. ప్రొద్దు గ్రుంకెను, ఒక్క బట్టయు అమ్ముడు పోలేదు. తిరిగి వచ్చుచుండగా త్రోవలో కొన్ని బండలు ఎండకు ఎండి, వానకు తడిసి, దిసమొలలతో బడియుండుట జూచి జాలిగొనెను. వానికి బట్టలు కప్పి, వెల యెప్పుడిత్తురని యడిగి, గడువు పెట్టి యింటికి వచ్చెను. గడువునాటికి అప్పు తీరలేదు. అంతట వానిలో నొక రాతిని జామీనుగా బట్టి తెచ్చి యింట నుంచెను. తండ్రి కోపముతో చూడబోగా ఆ రాయి బంగారమై యుండెనని కథ.

భక్తులు ఈ కథను విని కన్నీరు గార్తురు. దర్జీలు విని నవ్వుకొందురు. బండలకు బట్టలిచ్చి గడువు పెట్టుట మనకు క్రొత్త గాదు. దసరాకు కుట్టించుకొని సంక్రాంతికి, సంక్రాంతికి కుట్టించుకొని ఉగాదికి వెల చెప్పువారిని మనలో నెఱుగనివాడెవడు? మేమును చిన్ననాట మా పెద్దల వెంట ఒక గొప్పయింటి వాకిట మూడు దినములు కూలికొఱకు నిలిచినవారమే. నాలుగవనాడు లభించినది సగము. మా రాళ్లలో నొక్కటియు బంగారము కాలేదు. కథయందలి బంగారమును నమ్ముట నమ్మకపోవుట యెట్లున్నను, కుమారుని తప్పునకు తండ్రి కడుపుకోత పడుట మాత్రము అక్షరాల నిజమని మేము సాక్ష్యమిత్తుము. దామాశేటి కఠినుడు గాడు. అరువు మోసిన దర్జీ.

నామదేవుడు వ్యాపారమున నేర్పరి గాడనియు, సంసారము కష్టముతో నడచినదనియు, గోణాయి రాజాయిలు నొచ్చుకొనుచుండిరనియు ఆ కుటుంబముపేర నున్న పాటలే చెప్పుచున్నవి. మహాత్ముల చరిత్రము వ్రాయువారు ఇట్టివి దాతురు. మేము దాచము. ఆ యింటి స్త్రీల ఓర్పు లేకున్న ఆ పాటలు లేవు.

పచ్చికుండ

ఆ కాలమున జ్ఞానేశ్వరుడు 1290లో భగవద్గీతకు మరాఠీ వ్యాఖ్యానమును రచించి సకలజనులకు జ్ఞానమందించెను. ఆయన సోదరులు నివృత్తి, సోపానులు, చెల్లెలు ముక్తాబాయి. వీరితో నామదేవునకు మైత్రి గలిగెను. ఒకనాడు భక్తులెల్లరు గూడియుండగా, కుమ్మరియైన గోరా భక్తుని ముక్తాబాయి యొక కోరిక కోరెను: ఈ కుండలలో కాలిన దేదో పచ్చిది యేదో పరీక్షింపుమని. గోరోబా కుండలు తట్టు సలపతో నొక్కొక్కరి తలపై దట్టుచు వచ్చెను. అందఱును ఊరకుండిరి. నామదేవునివంతు రాగా ఆయన నొచ్చుకొని యెదురు పలికెను. ఇది పచ్చికుండ యని గోరోబా నిర్ణయించెను.

దేవుడు తనతో మాటలాడునని పేరుగాంచినవానికి నలుగురిలో నిట్టి యవమానము! నామదేవుడు విఠలునితో మొఱపెట్టుకొనగా, గురువు లేనివానికి పక్వము లేదని ఆయన విసోబా ఖేచరుని యొద్దకు బంపెను. నామదేవుడు పోయి చూడగా, ఆ వృద్ధుడు ఆలయమున శివలింగముపై కాళ్లుచాచి పండుకొనియుండెను. ఇదియేమి యపచారమని యడుగగా, దేవుడు లేని చోటు చూపించి అచ్చట నా కాళ్లు పెట్టుమని ఆయన బదులు పలికెను. నామదేవుడా పాదములను ఎటు త్రిప్పినను అటే లింగము పొడసూపెనట. పండరిలో మాత్రమే దేవుని జూచినవాడు ఆనాటినుండి అంతట జూడ నేర్చెను.

దుకాణములో పని నేర్చువారికి ఈ కథ చెప్పవలెను. మన పనిలో కచ్చాకుట్టు అవమానము గాదు. పక్కాకుట్టు పడు చోటును అదియే చూపును. పని పూర్తికాగానే దానిని లాగివేయుదురు. కచ్చాకుట్టుతోనే బట్టను గిరాకీకిచ్చుట అవమానము. నామదేవుడు తనను తట్టినవానిపై పగబట్టలేదు. తట్టినచోట మెత్తగా నున్నదని యెఱిగి, గురువును వెదకికొని పోయెను. ఉస్తాదు ఒక్కమాట యన్నంతనే పనిమాని పోవు నేటి పిల్లలును, పిల్లవానికి మర్మము చెప్పక పండ్రెండేండ్లు గుండీలు కుట్టించు నేటి ఉస్తాదులును, ఇరువురును దీనినుండి నేర్వదగినది కలదు.

తీర్థయాత్ర

పిమ్మట నామదేవుడు జ్ఞానేశ్వరునితో గూడి ఉత్తరదేశ తీర్థములు సేవించెను. 1296లో జ్ఞానేశ్వరుడు ఆళందిలో సజీవసమాధి పొందినపుడు ఆయన చెంత నుండి, ఆ వృత్తాంతమును హృదయము కరగునట్లు పాడెను. ఆది, తీర్థావళి, సమాధి యను మూడు ప్రకరణములు జ్ఞానేశ్వరుని జీవితమును మనకు దెలుపు మూలములుగా నేటికిని పండితులు గైకొందురు. బ్రాహ్మణకులమున బుట్టిన యోగికి చరిత్రకారుడు దర్జీ యగుట గమనింపదగినది.

ఔంఢా నాగనాథ క్షేత్రమున జరిగినదని చెప్పు కథయొకటి మన మనస్సును దాకును. నామదేవుడు గుడియెదుట గీర్తన చేయుచుండగా, తక్కువ కులమువాడు ఇచ్చట నిలువరాదని లేవగొట్టిరి. ఆయన వాదింపక గుడి వెనుకకు బోయి కూర్చుండి పాడుకొనెను. అంతట గుడియే తిరిగి ఆయన కెదురుగా నిలిచెనందురు. తాను వెలివేయబడిన సంగతియు, గుడి తిరిగిన సంగతియు ఆయన పాటలయందే గలవు. గుడి తిరుగుట నమ్మనివాడైనను లేవగొట్టుటను నమ్మక తప్పదు. అట్టి యవమానము పడినవాడు రెండు విధములుగా మాఱవచ్చును: తనకంటె తక్కువవాడెవడో వెదకి వానిని లేవగొట్టవచ్చును, లేదా ఇక నెవ్వరిని లేవగొట్టనని ప్రతిన బూనవచ్చును. నామదేవు డేమి చేసెనో చోఖామేళా కథ చెప్పును.

చోఖామేళా యస్థికలు

చోఖామేళా మహారు, ఆనాటి సమాజము అస్పృశ్యులన్నవారిలో బుట్టినవాడు. మంగళవేఢె యాయన యూరు. విఠలుని గుడిలో నడుగిడ నర్హత లేక, వెలుపల నిలిచి పాడినవాడు. ఆయన నామదేవుని గురువుగా భావించెను. 1338లో మంగళవేఢెలో ప్రాకారము కట్టుచుండగా గోడ కూలి పనివారు పెక్కుమంది దాని క్రింద బడి చనిపోయిరి. అందు చోఖామేళా యొకడు. కూలివాని శవము కొఱకు వచ్చువారెవరు? నామదేవుడు వచ్చెను. రాళ్లక్రింద గలసిపోయిన యెముకలలో నెవరివి యెవరివో తెలియరాక, ఒక్కొక్క దానిని చెవియొద్ద నుంచుకొని, దేనినుండి విఠలనామము వినవచ్చునో దానిని యేఱుకొనెనని కథ. ఆ యస్థికలను పండరికి దెచ్చి, బ్రదికియుండగా చోఖామేళాను రానీయని గుడి మహాద్వారము నెదుటనే సమాధి గావించెను. ఆ సమాధిని నేటికిని చూడవచ్చును.

కులబాంధవులారా! మనము కులము పేర సభ చేయుచున్నాము. చందాలు కులము పేర వసూలు చేయుచున్నాము. అందు తప్పులేదు, దిక్కులేనివారు తమవారితో గూడియే దిక్కు వెదకుకొందురు. కాని మన వేదికపై నామదేవుని పటముంచి పూలమాల వేయునపుడు ఈ యెముకల కథను మఱువరాదు. మన యూళ్లలో కొన్ని వాడలవారి కొలతలు దుకాణము వెలుపల నిలిపి, టేపు తాకనీయక, కంటితో నంచనా వేసి కుట్టిన దినములు మన పెద్దలు చూచినవే. కొలతకు మైల యంటునను మాట నామదేవుని వంశమున జెల్లదు. టేపు అందఱి మెడచుట్టు ఒక్కటే తీరున దిరుగును.

పంజాబుదేశము

జీవితపు టుత్తరభాగమున నామదేవుడు పంజాబునకు బోయి, గురుదాసుపూరు జిల్లాలోని ఘుమాను గ్రామమున చాలకాలము నివసించెనని అచ్చటి సంప్రదాయము. పంజాబు నామదేవుడు వేఱని తలంచిన పండితులు కొందఱు లేకపోలేదు. రెండు దేశములవారును ఆయన యొక్కడే యని విశ్వసింతురు. 1604లో గురు అర్జునదేవుడు సంకలనము చేయించిన ఆదిగ్రంథమున నామదేవుని పదములు 61 చేరినవి. నేటికిని గురుద్వారములలో అవి శ్రద్ధతో గానము చేయబడుచున్నవి. అచ్చట అద్దకము, కుట్టుపని చేయు ఛీంబావారు ఆయనను దమవానిగా గొలుతురు. ఘుమానులో ఆయన పేర గురుద్వారమున్నది. 2015లో అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనమును ఘుమానులోనే జరిపిరి. మరాఠీ భాష తన దర్జీకవిని వెదకికొనుచు పంజాబు పల్లెకు బోవుట యెంత ముచ్చట!

మరాఠీలో రెండువేలకు మించిన అభంగములు ఆయన పేర వ్యాప్తిలో నున్నవి. చేతిలో తాళము, కంఠమున నామము, నిలుచుండి కథచెప్పు కీర్తన పద్ధతికి ఆయనయే తొలి గురువని వారకరీల గౌరవము. పెక్కు పాటల చివరను తన పేరుంచెను; కొన్నిట శింపి నని కులవృత్తిని చెప్పుకొనెను. ఎవరో పరిహసించునప్పుడు పలికిన మాటగా గాక, తన చిరునామాగా చెప్పుకొనెను.

నిర్యాణము

1350 సంవత్సరమున ఆషాఢ బహుళ త్రయోదశినాడు నామదేవుడు దేహము చాలించెనని సంప్రదాయము. విఠలుని దర్శింపవచ్చు భక్తుల పాదధూళి తనపై పడవలెనని కోరి, గుడి మహాద్వారపు తొలిమెట్టు క్రింద తావు వేడుకొనెను. దానిని నామదేవుని మెట్టు అందురు. కాని ఆయన కోరిక తీఱలేదు. యాత్రికులా మెట్టును త్రొక్కరు; వంగి చేత దాకి కన్నుల కద్దుకొని దాటిపోవుదురు. మేము పండరికి బోయినపుడును అట్లే చేసితిమి. ఆ మెట్టునకు చేరువనే చోఖామేళా సమాధి. గుడిలోనికి రానీయని కూలివాడును, గుడియెదుటినుండి లేవగొట్టబడిన దర్జీయు, ఇరువురును నేడు ఆ గుడి వాకిట నున్నారు. వారిని దాటక విఠలుని జూచుట యెవ్వరికిని సాధ్యము కాదు.

మన దుకాణములు, మన కర్తవ్యము

ఇక మన సంగతి కొంత విన్నవింతుము. మహబూబునగరమునకు ఆ పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను వలన 1890లో వచ్చినది. 1911లో గతించిన ఆ ప్రభువు వస్త్రప్రియుడని ప్రసిద్ధి. పురానీ హవేలీలో ఆయన బట్టలకై కట్టిన పొడవైన రెండంతస్తుల చెక్కబీరువాల వరుసను నేటికిని జనులు వింతగా జూచుచున్నారు. ఆ బట్టలు తొడిగినవాని పేరు ఒక జిల్లాకే నిలిచినది. వానిని కొలిచి, కత్తిరించి, దీపపు వెలుతురున కాజాలు తీసిన దర్జీలలో నొక్కని పేరైనను మనలో నెంతమందికి దెలియును? మన వృత్తియందలి దుఃఖమిది. తొడిగినవాడు కనబడును, కుట్టినవాడు కనబడడు. ఆ చీకటిలోనుండి పేరుతో నిలిచిన శింపి గనుకనే నామదేవుడు మనకు గర్వకారణము.

1851లో అమెరికాలో సింగరు తన కుట్టుమిషనుకు హక్కుపత్రము బొందెను. ఆ మిషను మన పల్లెలకు వచ్చినపుడు చేతికుట్టువారు తమ కూడు పోయెనని భయపడిరి. కాని మిషను వెనుక గూర్చున్నవాడును దర్జీయే యయ్యెను. నిజాము కాలపు షేర్వానీ, నిలువు గల్లా, వరుస గుండీలు, లోపలి అస్తరు, ఒడలికి అంటియు అంటనట్లుండు నడుము, మన పెద్దల చేతిపనికి పరీక్షగా నిలిచెను. నేటి గండము వేఱు. తయారుబట్ట ముందే కుట్టబడి, పెట్టెలలో వచ్చి, కొలత యడుగక అమ్ముడు పోవుచున్నది. ఒడలికి దగినట్లు బట్ట గాక, బట్టకు దగినట్లు ఒడలుండవలెనను కాలము వచ్చినది. పెండ్లి షేర్వానీలు, రవికలు, బడిపిల్లల దుస్తులు, పాతబట్టల సవరణలు తప్ప చిన్న దుకాణమునకు పనిలేదు. తండ్రి మిషను త్రొక్కి కుమారుని జదివించుచున్నాడు. కుమారుడు తండ్రి పని చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాడు.

బిడ్డలు చదువవలదని మేమనము. చదువవలెను, ఏ యుద్యోగమైనను చేయవలెను. నామదేవుడు గజముతోనే కాలము గడపలేదు గదా. కాని ఎవరు నీవని యడిగినపుడు ఆయన తన సూదిని వెనుక దాచుకొనలేదు. సిగ్గువలన వృత్తి విడిచినవాడు క్రొత్త పనిలోను సిగ్గుతోనే బ్రదుకును.

పోషకమహాశయులకు మా విజ్ఞప్తి యిది. సభాభవనమునకు రాయి వేయుట మంచిదే. దానికంటె ముందుగా, కత్తెరపని తెలిసిన వృద్ధులింకను బ్రదికియుండగనే వారియొద్ద యువకులును, స్త్రీలును నేర్చుటకు ఏర్పాటు చేయుడు. పాత కొలతపుస్తకములును, కాగితపు నమూనాలును ఏ యింట నున్నను పారవేయక భద్రపఱుపుడు; అవియే మన తాళపత్రములు. కుట్టుపని చేయు వితంతువులకు మిషను కొనియిచ్చుటకు నిధి నేర్పఱుపుడు. నేర్చుటకు వచ్చినవాని కులమేదియని మాత్రము అడుగవలదు. గిరాకీదారులుగా నున్న పోషకులు మఱియొక మేలును చేయగలరు: కుట్టిన బట్ట చేతికందిన నాడే కూలి చేతబెట్టుడు. బండను జామీను పట్టు కష్టము నామదేవునితోనే తీఱిపోవుగాక.

తంగడి యొద్ద రెండు నదులు గలిసిన తరువాత ఏది భీమ నీరో, ఏది కృష్ణ నీరో యెవ్వరును చెప్పజాలరు. పండరి భక్తియు మన సీమల వృత్తిధర్మమును అట్లే కలిసి, మన బిడ్డల చేతులలో నేర్పుగను, మనస్సులలో సమబుద్ధిగను నిలుచుగాక యని విఠలుని ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.